హైదరాబాద్‌లో డ్రోన్ లీగల్‌గా ఎక్కడ లేపొచ్చు? కర్నూలు నుంచి ఎంగేజ్‌మెంట్ షూట్‌కి పోతాండా

హంద్రీ_గట్టు (కర్నూలు)

అన్నలూ అక్కలూ రొంత హెల్ప్ చేయండి. మాది కర్నూలు, చిన్నాన్నకి ఫోటో స్టూడియో ఉంది, పెండ్లిళ్లు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు తీస్తాం. పోయినేడు ఒక ఫ్రెండ్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో డీజేఐ మినీ డ్రోన్ తీసుకున్నా, 249 గ్రాములది. ఇంతవరకు సుంకేసుల దిక్కు పొలాల మీద, మావాళ్ల కల్లం దగ్గర ఎగరేసిందే గానీ టౌన్లో ఎప్పుడూ లేపలేదు, భయం.

ఇప్పుడేమైందంటే మా మేనత్త కూతురి ఎంగేజ్‌మెంట్ హైదరాబాద్‌లో పెట్టుకున్నారు, కొంపల్లి దగ్గర ఏదో గార్డెన్ అంట. మామ ఫోన్ చేసి అల్లుడూ కెమెరా తెచ్చినా తేకపోయినా డ్రోన్ మాత్రం తేవాల్సిందే, మావాళ్లందరికీ చెప్పేసినా అంటాండు. పెండ్లికొడుకేమో ముందురోజు చార్మినార్ మీద ఒక షాట్, గోల్కొండ మీద ఒక షాట్ కావాలని ఏకంగా లిస్టే పంపినాడు.

అడిగేది ఏందంటే, అంత పెద్ద సిటీలో డ్రోన్ ఎగరేసుకోడానికి ఫలానా గ్రౌండు, ఫలానా పార్కు అని ఏమన్నా ఉన్నాయా, లిస్టు ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి. 250 గ్రాముల లోపుకి పర్మిషనే అక్కర్లేదంటారు, నిజమేనా? ఇంకోటి, ప్రీవెడ్డింగ్ మనవైపే ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో చేద్దామనుకుంటున్నాం, ఆడ ఓకేనా? యూట్యూబ్‌లో ఒకడు ఒకటి చెప్తాడు ఇంకోడు ఇంకోటి చెప్తాడు, బుర్ర తిరిగిపోతాంది.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు)

బ్రో ఎందుకంత టెన్షన్. 249 అంటే నానో, నానోకి లైసెన్సు లేదు గీసెన్సు లేదు, బొమ్మ కిందే లెక్క. నేను పోయిన్నెలే హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ మిద్దె మీంచి లేపినా, ఎవడూ అడగలేదు. లేపు, రెండు నిమిషాల్లో షాట్ తీసుకో, దించు, బ్యాగులో ఏసుకో, గమ్మున వచ్చెయ్.

తాడిపత్రి_టు_బెంగళూరు (అనంతపురం)

పైన రాసిన అన్న మాట వినొద్దప్పా, అందులో సగం నిజం సగం తంటా. నాది తాడిపత్రి, బెంగళూరులో డ్రోన్ సర్వే పని, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది నాకు. రొంత పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

నానో అంటే 250 గ్రాముల దాకా. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా తప్పనిసరి కాదు. అంతవరకు అన్న చెప్పింది కరెక్టే. కానీ జోన్లు నానోకి కూడా వర్తిస్తాయి. ఎయిర్‌పోర్టు గోడ పక్కన నువ్వు లేపింది 249 గ్రాములైనా 24 కిలోలైనా తప్పు తప్పే.

బరువులో కూడా ఒక మెలిక ఉంది. డబ్బా మీద రాసిన బరువు కాదు లెక్క, పైకి లేచేటప్పుడు దాని మీద ఏమేమున్నాయో అవన్నీ కలిపి. ప్రొపెల్లర్ గార్డులు తగిలించినా, ఎక్కువసేపు వస్తుందని ఆ పెద్ద బ్యాటరీ వేసినా 250 దాటిపోతుంది, దాటితే అది మైక్రో కిందికి వస్తుంది, మైక్రో అంటే 2 కిలోల దాకా. మైక్రోని సరదాకి ఎగరేసుకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బులు తీసుకుని ఫంక్షన్ తీస్తే కావాలి. మీ చిన్నాన్న బిల్లు రాస్తాడు కదా, అదే కమర్షియల్ అంటే. మేనత్త కూతురు కాబట్టి డబ్బులు తీసుకోలేదంటావా, అది నీకూ మీ మామకీ తెలియాల :)

ఇప్పుడు అసలు సంగతి. లిస్టు అడిగినావు చూడు, అట్లాంటి లిస్టు ఉండదు. ఎవరన్నా ఫలానా గ్రౌండ్‌లో ఓకే అని చెప్పినా నమ్మొద్దు. ఉన్నది ఒక్క మ్యాపు, డిజిటల్ స్కై మ్యాపు. 2021 సెప్టెంబరు 24న పెట్టినారు, లాగిన్ కూడా అక్కర్లేదు, నీ లొకేషన్ పెట్టుకుని రంగు చూసుకోవడమే. గ్రీన్ ఉంటే 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా జోన్ పర్మిషన్ అక్కర్లేదు. ఎల్లో అంటే ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్ల పర్మిషన్ కావాలి. రెడ్ అంటే సెంట్రల్ గవర్నమెంటు పర్మిషన్, అంటే మన ఫంక్షన్లకి రాదని అర్థం. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటినాక 12 కిలోమీటర్ల దాకా గ్రీన్ ఉన్నా 200 అడుగులే, 60 మీటర్లు, ఆ పైన మళ్లీ ఎల్లో. 8 లోపల గ్రీన్ అనే మాటే మర్చిపో. ఇదివరకు ఈ ఎల్లో 45 కిలోమీటర్ల దాకా ఉండేది, 12కి తగ్గించినారు, అదే మనకి పెద్ద మేలు.

మీ డ్రోన్ యాప్‌లో వచ్చే మ్యాపు వేరే, అది కంపెనీ వాడిది. యాప్ ఏమీ అనకుండా మోటార్లు తిప్పిందంటే లీగల్ అని కాదు, చాలామంది ఇక్కడే పడతారు.

హైదరాబాద్ సంగతి చూడు. మీరు కర్నూలు నుంచి హైవే మీద పోతే సిటీలో ముందు తగిలేదే శంషాబాద్ ఎయిర్‌పోర్టు. నడిమధ్యలో బేగంపేట. పైన హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ఇంకా పైన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. వీటికి తోడు సికింద్రాబాద్ కంటోన్మెంటు, మిలిటరీ వాళ్లది. ఒక్కోదాని చుట్టూ కంపాస్ పెట్టి 8 కిలోమీటర్లు, 12 కిలోమీటర్లు సున్నాలు గీసి చూడు, సిటీలో ఏం మిగులుతుందో నీకే తెలుస్తుంది. మీ మామ బుక్ చేసిన కొంపల్లి ఎక్కడుందో తెలుసా, ఒకపక్క హకీంపేట, ఒకపక్క దుండిగల్, కింద బేగంపేట, మూడింటి నడుమ. హకీంపేట అయితే నేరుగా గీత గీస్తే నాలుగైదు కిలోమీటర్లే. ఏరికోరి పట్టుకున్నట్టుంది సామీ.

సిటీ బయటికి, ఘట్‌కేసర్ దిక్కో ఇంకో దిక్కో పోతే ఈ నాలుగింటికీ దూరం పెరుగుతుంది, ఆడ గ్రీన్ దొరికే చాన్సు ఎక్కువ. కానీ నేను చెప్పినానని పోవద్దు, మ్యాపు మారుతుంటుంది, లేపే రోజు పొద్దున్నే ఇంకోసారి చూసుకో. మా బెంగళూరు కూడా ఇదే కథ, హెచ్ఏఎల్, యలహంక, జక్కూరు, దేవనహళ్లి, ఇవన్నీ తీసేస్తే సిటీలో మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను సర్వేకి పోయేముందు క్లయింటు అడ్రసు అడగను, ముందు లొకేషన్ పిన్ అడుగుతా. రంగు చూసినాకే రేటు మాట్లాడేది.

బళ్లారి_చౌరస్తా

సరే అన్నా, చట్టం నువ్వు చెప్పినట్టే ఉందనుకుందాం, ఎవడు పట్టుకుంటాడు చెప్పు. అంత చిన్నది, సౌండ్ కూడా రాదు, పైకి పోతే కనపడదు కూడా.

తాడిపత్రి_టు_బెంగళూరు

కనపడనంత దూరం పోనిచ్చినావంటే అదొక తప్పు అన్నా, కంటికి కనపడేంత దూరంలోనే ఎగరెయ్యాలి. రూల్స్ తప్పితే ఫైన్ లక్ష రూపాయల దాకా ఉంది. నువ్వు మిద్దె మీంచి లేపినా అన్నావే, దాని గురించి కూడా చెప్తా. స్క్రీన్ మీద కనపడే హైట్ లేపిన చోటు నుంచి లెక్క. పది అంతస్తుల మిద్దె మీంచి లేపి స్క్రీన్ మీద 60 చూపిస్తే నేల నుంచి 90 దాటినట్టు. 200 అడుగుల ఏరియాలో నువ్వు లోపలే ఉన్నాననుకుంటావు, నిజానికి ఎప్పుడో ఎల్లోలోకి పోయింటావు. కొండ మీంచి లేపినా ఇదే తంటా, కొండ దాటి లోయ మీదికి పోయినాక హైట్ మొత్తం మారిపోతుంది.

పట్టుకునేది ఎవరంటే, ఎక్కువసార్లు పోలీసులు కూడా కాదు, ఎదురు అపార్ట్‌మెంట్ ఆంటీ ఫోన్ చేస్తుంది. కిటికీ ముందు కెమెరా తిరుగుతుంటే ఎవరికైనా కాలుతుంది కదా.

మిర్చి_స్ప్రే_అక్క (ఎమ్మిగనూరు దిక్కు)

తమ్ముడూ నేను డ్రోన్‌తోటి మందు కొట్టేదాన్ని, మా పొదుపు సంఘం తరఫున నమో డ్రోన్ దీదీ స్కీములో వచ్చింది మాకు. పత్తికి, మిరపకి కొడతాం. నాది నీలాగ నానో కాదు, ట్యాంకు నింపితే ఇద్దరు పట్టుకోవాల, స్మాల్ కేటగిరీ అంటారు, 2 కిలోల నుంచి 25 దాకా. అందుకని ట్రైనింగు పోయి సర్టిఫికెట్ తీసుకున్నా. నువ్వు ఎట్లాగూ ఇదే పనిలో ఉండేవాడివి, రేపు ఇంకా పెద్ద డ్రోన్ కొంటావు, ఇప్పుడే తీసుకో. 18 నిండి 65 లోపు ఉండాల, పదో తరగతి పాసయ్యుంటే చాలు, ఒకసారి తీసుకుంటే పదేళ్లు. మొదట్లో పాస్‌పోర్టు అడిగేవాళ్లు, మా ఊర్లో పాస్‌పోర్టు ఎవరికుంటుందబ్బా, 2023లో ఆ రూలు తీసేసినారు, ఇప్పుడు గవర్నమెంటు ఇచ్చిన గుర్తింపు కార్డు, అడ్రసు ప్రూఫ్ ఉంటే సరిపోతుంది.

ఇంకోటి. నువ్వు సెకండ్ హ్యాండ్ అన్నావు, బిల్లు ఉందా? 2022 ఫిబ్రవరి 9 నుంచి బయటి దేశం డ్రోన్లు తయారైనవి తెచ్చుకునేది బంద్ చేసినారు, రీసెర్చికి, మిలిటరీకి అట్లాంటి వాటికి తప్ప. దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిచ్చినారు అని చానామంది తిప్పుతాండారు. నీది ఎప్పుడు వచ్చింది, ఎట్ల వచ్చింది అని ఎవరన్నా అడిగితే చూపించేదానికి కాగితం ఉండాల కదా. ఆ ఫ్రెండు పేరు మీద యూఐఎన్, అంటే డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే నీ పేరుకి మార్పించుకో, రేపు ఏమన్నా అయితే వాన్ని పిలుస్తారు పాపం.

నేను అయితే పొలంలో కొట్టేముందు కూడా ఊర్లో సచివాలయంలో ఒక మాట చెప్పి, పక్క పొలమోల్లకి చెప్పి లేపుతా. చెప్పకుండా లేపితే చూసేదానికి జనం వస్తారు, పిల్లోల్లు రెక్కల కిందికి ఉరుకుతారు. ఫంక్షన్లో ఇంకా ఎక్కువ. జనం నెత్తి మీద తిప్పొద్దు తమ్ముడూ, ఆ రెక్క చిన్నదే గానీ వేలు తెగుతుంది.

హంద్రీ_గట్టు

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. మ్యాపు ఇప్పుడే ఓపెన్ చేసినా. కొంపల్లి చూసినా, ఇంక చెప్పేదేం లేదు. బిల్లు గురించి ఫ్రెండుని అడిగితే "ఉండాల్రా ఎక్కడో" అన్నాడు, ఆ గొంతు నాకు నచ్చలే.

అయితే చార్మినార్, గోల్కొండ సంగతేంది? పెండ్లికొడుకు విడిచిపెట్టట్లే. మ్యాపులో గ్రీన్ ఉన్న కోటలు ఎక్కడన్నా ఉంటే ఆడికైనా తీసుకపోదామని.

కడప_కొండలు (కడప)

దీనికి నేను చెప్తా, ఎందుకంటే దెబ్బ తిన్నోన్ని కాబట్టి.

మ్యాపులో గ్రీన్ అంటే పైన గాలికి గ్రీన్. కింద నేల ఎవరిదో దానికి ఆ మ్యాపుతో సంబంధం లేదు. చార్మినార్, గోల్కొండ రెండూ ఆర్కియాలజీ సర్వే కింద ఉండేవి, ఆడ పర్మిషన్ లేకుండా డ్రోన్ తిప్పనియ్యరు, జోన్ ఏ రంగులో ఉన్నా సరే. మన గండికోట, గుత్తి కోట, లేపాక్షి, ఇవి కూడా వాళ్లవే. ఆకాశం చూస్తే ఎంత ఖాళీగా ఉంటుంది గండికోట దగ్గర, ఎయిర్‌పోర్టు గోల లేదు, పెన్న లోయ మీద షాట్ ఎట్లుంటుందో ఊహించుకో, అయినా పర్మిషన్ లేనిదే కాదు. అడవి అయితే ఫారెస్టు వాళ్లు, నల్లమలలో టైగర్ రిజర్వు లోపల ఆలోచన కూడా పెట్టుకోవద్దు. గుడి అయితే దేవస్థానం వాళ్లు. డ్యాములు, జైళ్లు, పోలీసు క్వార్టర్సు, ఇవి చెప్పే పనే లేదు.

నాకేమైందంటే రెండేండ్ల కింద ఒక పాత కోట దగ్గర, ఏ కోటో వద్దులే, మ్యాపు చూసుకునే పోయినా, గ్రీన్ ఉంది, ధీమాగా లేపినా. వాచ్‌మన్ వచ్చి దించమన్నాడు. నేను ఫోన్లో మ్యాపు చూపించి అన్నా ఇది గ్రీన్ జోన్ అని లా పాయింటు మాట్లాడినా. ఆయన నా మొహం చూసి, బాబూ నీ గ్రీను ఆ పైన, నువ్వు నిలబడింది మా నేల మీద అన్నాడు. ఇంకేం మాట్లాడతాం. దించి ఇంటికొచ్చినాం, పెండ్లిజంట అంత దూరం నుంచి మేకప్ వేసుకుని వచ్చింటే వాళ్లకి ఏం సమాధానం చెప్పాలో తెలియలే, ఆరోజు అడ్వాన్సు వెనక్కిచ్చేసినా.

ఇంకో లేయర్ కూడా ఉంది, ఎవరూ చెప్పలేదు. మ్యాపు గ్రీన్ ఉన్నా, నేల నీ సొంతమైనా, పోలీసులు టెంపరరీగా రెడ్ జోన్ పెట్టొచ్చు. ఎస్పీ ర్యాంకుకి తగ్గని ఆఫీసరు ఎవరైనా ఒక్కోసారికి 96 గంటల దాకా పెట్టొచ్చు. వీఐపీ పర్యటన, పెద్ద మీటింగు, నిమజ్జనం, ఆగస్టు 15, ఇట్లాంటప్పుడు చూసుకోవాల. అది కాక సిటీల్లో కమిషనర్లు డ్రోన్లు బంద్ అని నిషేధం ఆర్డర్లు ఇస్తుంటారు, పేపర్లో జిల్లా పేజీలో చిన్నగా వస్తుంది, మనం చూడం. దాన్ని దాటితే కేసు డ్రోన్ రూల్స్ కింద కాదు, కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్ 223 కింద, పాత ఐపీసీ 188 అనుకో. అందుకని నేను షూట్ ముందురోజు ఆ ఏరియా స్టేషన్‌కి పోయి ఒక కాగితం రాసిచ్చి రసీదు తీసుకుంటా. కొన్నిచోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల "ఇదేంది మాకెందుకు" అంటారు, అన్నా కూడా పోయొచ్చినట్టు మనకి తృప్తి. కడపలో ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే కాబట్టి మా ఇంటి మిద్దె మీద లేపాలన్నా ముందు మ్యాపే చూస్తా.

జగన్నాథగట్టు_గాలి (కర్నూలు)

రాక్ గార్డెన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. తమ్ముడూ కర్నూలులో ఫోటోగ్రాఫర్లు అందరికీ ఓర్వకల్లు రాక్ గార్డెనే దిక్కు, రాళ్లు, నీళ్లు, లైటింగు అన్నీ సెట్టవుతాయి. కానీ ఎయిర్‌పోర్టు ఎక్కడుంది, అదే ఓర్వకల్లు. 2021 మార్చి 25న ఓపెన్ చేసి 28 నుంచి ఫ్లైట్లు తిప్పినారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్టు. అంతకుముందు రాక్ గార్డెన్‌లో డ్రోన్ తిప్పిన వీడియోలు చూసి ఇప్పుడు కూడా అవుతుందనుకుంటారు, కాదు. రోజుకి ఫ్లైట్లు తక్కువే కదా అంటారు కొందరు, ఫ్లైటు ఉన్నా లేకున్నా అది ఆపరేషనల్ ఎయిర్‌పోర్టే.

పైగా ఆ దిక్కునే డీఆర్‌డీఓ వాళ్ల టెస్ట్ రేంజి ఉంది. 2025 ఏప్రిల్ 13న లేజర్‌తో డ్రోన్లు కూల్చి చూపించింది మన కర్నూలు రేంజిలోనే, 30 కిలోవాట్ల లేజర్ అంట. జులైలో డ్రోన్ మీంచి మిసైల్ వదిలింది కూడా ఇక్కడే. ఇంకోపక్క ఓర్వకల్లులోనే 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటాండారు. అంటే డ్రోన్లు తయారుచేసేది ఆడే, కూల్చేది ఆడే, మనం పెండ్లి వీడియోకి మాత్రం ఆడ లేపకూడదు :D

కర్నూలు టౌను ఎయిర్‌పోర్టుకి 12 కిలోమీటర్ల బయటే ఉంటుంది కాబట్టి టౌన్లోనే నీకు వీలెక్కువ. నది ఒడ్డు, సొంత పొలం, తెలిసినవాళ్ల లేఅవుటు, ఇట్లాంటివి చూసుకో. జగన్నాథగట్టు మీద వ్యూ బాగుంటుంది, గుడి వాళ్లని అడిగి, పైన అన్న చెప్పిన హైట్ లెక్క గుర్తుపెట్టుకుని లేపు. కొండారెడ్డి బురుజు మీద మాత్రం వద్దు, జనం, కరెంటు తీగలు, ట్రాఫిక్కు. పడితే ఎవరి నెత్తిన పడుతుందో.

హంద్రీ_గట్టు

అందరికీ థ్యాంక్స్. ఏం ఫిక్స్ అయినామంటే ప్రీవెడ్డింగ్ హైదరాబాద్ వద్దు, ఓర్వకల్లు వద్దు, మా చిన్నాన్న దోస్తు తోట ఉంది తుంగభద్ర పక్కన, మ్యాపులో గ్రీనే, ఆయన్ని అడిగితే డ్రోన్ ఏం ఖర్మ హెలికాప్టర్ తెచ్చుకో అన్నాడు. కంకులు ఎత్తుగా ఉన్న చేను మధ్యలో నుంచి జంట నడిచొచ్చే షాట్ అక్కడ తీస్తాం. పెండ్లికొడుకుకి చార్మినార్ కింద నిలబెట్టి మామూలు కెమెరాతో తీస్తానని చెప్పినా, రొంత అలిగినాడు, సాయంత్రానికి సర్దుకున్నాడు. బిల్లు దొరికేదాకా డ్రోన్ బ్యాగులోంచి తియ్యను అని ఫ్రెండుకి కూడా చెప్పేసినా.

కొంపల్లిలో మాత్రం డ్రోన్ లేదని మామకి ఫోన్ చేసి చెప్పినా. హకీంపేట, దుండిగల్ అన్నీ వివరంగా చెప్పినా, మ్యాపు స్క్రీన్‌షాట్ కూడా పంపినా. అంతా విని, "మంచిది అల్లుడూ, ఎయిర్‌ఫోర్స్‌తో మనకెందుకు, క్రేన్ పెట్టు" అన్నాడు. ఇప్పుడు జిమ్మీ జిబ్, అదే కెమెరా క్రేన్, రెంటుకి కొంపల్లి చుట్టుపక్కల ఎవరన్నా తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, రాత్రి 7 నుంచి 11 దాకా చాలు.

బళ్లారి_చౌరస్తా

జిబ్ ఆపరేటర్ నాకు తెలుసు బ్రో, మెసేజ్ పెట్టు. మ్యాపు నేనూ చూసినాలే, ఆ అపార్ట్‌మెంట్ వీడియో డిలీట్ చేసినా.